మూత కింద రెండో గీత

పన్నెండింటికి బాత్‌రూం పగలగొట్టే మనుషులు వస్తారు. ఇప్పుడు పది దాటి ఇరవై నిమిషాలు. కొమురెల్లి దగ్గరున్నవి ఒక స్క్రూడ్రైవరు, ఒక టార్చి, జేబులో రెండు టైల్ బిళ్ళలు.

ఆ బిళ్ళలే పొద్దుటి నుంచి అతన్ని కుదురుగా ఉండనివ్వడం లేదు. చూడ్డానికి రూపాయి బిళ్ళంతే. ఒకవైపు తెల్లటి నునుపు మీద నీలం ఆకు, రెండోవైపు ఎర్రమట్టి రంగు. పైపు కోసం గోడ టైల్‌కు రంధ్రం కోసినప్పుడు ఊడిపడే ముక్కలవి. వాటిని ఎవరూ దాచుకోరు. టిమోతి దాచుకున్నాడు.

టిమోతి ప్లంబరు. పద్దెనిమిది రోజులుగా జైల్లో ఉన్నాడు. అరెస్టు చేసింది పోలీసులే అయినా, అతన్ని అక్కడిదాకా నడిపించింది కొమురెల్లి రాసిన నాలుగు పేజీల రిపోర్టు. పోలీసు ఉద్యోగం వదిలి ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకున్నాక అంత తొందరగా అతను తేల్చిన కేసు ఇంకోటి లేదు. అప్పట్లో దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

కథ చిన్నదే. నాచారంలో విశ్వనాథం అనే పెద్దాయన పై అంతస్తు బాత్‌రూంలో కొత్త గీజర్ పెట్టించుకున్నాడు. మంగళవారం పని జరిగింది. బుధవారం పొద్దున ఆరుంబావుకు స్నానానికి వెళ్ళి నల్లా తిప్పాడు. షాక్ కొట్టి అక్కడే పోయాడు. మామ ఎలా చనిపోయాడో తేల్చమని అల్లుడు జీవన్ కొమురెల్లిని పిలిచాడు. గోడకు మూడు రంధ్రాలున్నాయి, గీజర్ పైపులకు రెండు, కింద నల్లాకు ఒకటి. మూడో రంధ్రం కోస్తూ గోడలోని కరెంటు తీగను ప్లంబరు దెబ్బతీశాడని కొమురెల్లి ఒక్క పూటలో తేల్చేశాడు.

"రెండే కోసిన సారు. కరెంటు పోయింది. మూడోది రేపు సూద్దాం, ఇంటికి పొమ్మన్నడు పెద్దసారు," అని టిమోతి మొత్తుకున్నాడు. పొమ్మన్న పెద్దసారు తెల్లారేసరికి బతికి లేడు. మధ్యాహ్నం ఇంట్లో నా దగ్గరే ఉన్నాడని భార్య గ్రేసీ చెప్పింది. భార్య కాక ఇంకెవరు చెబుతారులే అని కొమురెల్లి ఆ మాట పక్కన పెట్టాడు.

ఆ మర్నాటి నుంచి గ్రేసీ రోజూ చెంగిచెర్ల నుంచి బస్సెక్కి ఉప్పల్ వస్తోంది. టైర్ల షాపు పైన ఉన్న అతని ఆఫీసు మెట్ల మీద కూర్చుంటోంది. ఏడవదు, అడగదు, శపించదు. అతను ఎక్కేటప్పుడు కాళ్ళు పక్కకు తీసుకుంటుంది, దిగేటప్పుడు మళ్ళీ తీసుకుంటుంది. నాలుగు తిట్లు తిట్టినా కొమురెల్లికి ప్రాణం తేలికపడేది.

ఈ పొద్దున మొదటిసారి లేచి లోపలికొచ్చి, ఆ రెండు బిళ్ళలు బల్ల మీద పెట్టింది.

"కోసిన బిళ్ళలు ఆయన అంగీ జేబుల ఏసుకొనొస్తడు సారు. కింద పడుంటే ఎవలికన్న కాళ్ళకు గుచ్చుకుంటయని. ఉతికేటప్పుడు నేనే తీస్త."

"ఇన్ని దినాలు ఏం చేసినవమ్మా?"

"ఆ అంగీ ఉతకబుద్ధి గాలే. నిన్న ఉతికిన. రెండే ఉన్నయి."

రేపు బెయిల్ మీద వాదన. కొమురెల్లి బండి తాళం తీసుకుని లేచాడు. అంతసేపూ ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

* * *

విశ్వనాథం ఇంటి కింది వాటాలో లూర్దమ్మ అద్దెకుంటుంది. డెబ్బై ఏళ్ళ మనిషి. గడపలో చేట పెట్టుకుని బియ్యం ఏరుతోంది.

"మంగళవారం పైన డ్రిల్లు చప్పుడు ఎప్పుడు విన్నవమ్మా?"

"రెండుమార్లు విన్న. పొద్దుగాల తొమ్మిదింటికి ఒకపారి. మల్ల పన్నెండున్నరకు."

"పన్నెండున్నరే అని ఎట్ల చెప్తవు? గడియారం చూసినవా?"

"గడియారం ఎందుకు? పన్నెండింటి ప్రార్థన చేసుకొని బియ్యం పొయ్యి మీద పెట్టిన. కుక్కర్ కూత గా చప్పుడుల కలిసిపోయింది. మూడు అయినయనుకొని దించిన. అన్నం పలుకు పలుకు. గా అన్నం తిని కడుపునొప్పి లేసింది, అది యాదికుండదా?"

"గప్పుడు ఫ్యాన్ కింద కూసున్నవా?"

"ఫ్యాన్ ఏడిది బిడ్డా. పదిన్నరకు పోయిన కరెంటు రెండింటికి గదా వచ్చింది. తీగల మీద కొమ్మలు కొడుతున్నమన్నరు. అట్టముక్కతోని ఇసురుకుంట గీ గడపలనే ఉన్న."

కొమురెల్లి పెన్ను ఆగింది. టిమోతి డ్రిల్లు అతను చూసిందే. సెకండ్ హ్యాండ్‌ది, వైరుకు మూడు చోట్ల నల్ల టేపు చుట్టి ఉంటుంది. ప్లగ్గులో పెడితే తప్ప తిరగదు. కరెంటు లేని ఇంట్లో పన్నెండున్నరకు డ్రిల్లు మోగిందంటే అది బ్యాటరీది.

"గడపల కూసుంటే మెట్లెక్కినోళ్ళు కనబడాలె గద. ఎవరన్న పైకి పోయిన్రా?"

"బయటి మనిషి ఎవలు రాలే. ఇంటోళ్ళు వస్తరు, పోతరు. వాళ్ళను నేనెందుకు సూస్త?"

"ఈ ముచ్చట నాకు అప్పుడే ఎందుకు చెప్పలే?"

లూర్దమ్మ బియ్యం ఏరడం ఆపి అతన్ని ఎగాదిగా చూసింది. "చెప్పిన బిడ్డా. రాసుకున్నవ్ గూడ. రాసుకుంట రాసుకుంట ఫోన్ మాట్లాడినవ్."

కొమురెల్లి నోట్‌బుక్కు వెనక్కి తిప్పాడు. పద్దెనిమిది రోజుల కిందటి పేజీ. తన చేతిరాతే. 'డ్రిల్ చప్పుడు 9.00, 12.30. కరెంటు లేదు.' దాని కింద అదే పెన్నుతో, 'టిమోతి రెండు విడతలుగా పని చేశాడు' అని ఉంది. అబద్ధం ఎవరూ చెప్పలేదు. నిజాన్ని రాసుకుని, దాని మీదే కూర్చున్నది తను. ఆ ముసలామె ముందు నిలబడటానికి సిగ్గేసింది.

* * *

పై అంతస్తు తాళం విశ్వనాథం కూతురు మానస ఇచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"పన్నెండు లోపల అయిపోవాలె అంకుల్. మీరొచ్చిన్రని ఆయనకు చెప్పలే."

"ఇంత తొందరగా ఎందుకు పగలగొట్టిస్తున్నరమ్మా? నిన్ననే గద పోలీసులు తాళం ఇచ్చింది."

"చూస్తే నాన్న యాదికొస్తున్నడు, కొత్త టైల్స్ ఏపిస్త అంటున్నడాయన." ఆమె గొంతు తగ్గించింది. "మల్లాపూర్ షెడ్డు ఖాళీ చెయ్యమని నాన్న ఆ సోమవారమే చెప్పిండు ఆయనకు. ఇద్దరు మస్తు లొల్లి పెట్టుకున్నరు. మీరు అడగలే, నేను చెప్పలే."

మల్లాపూర్ షెడ్డులో జీవన్ వంటింటి అలమరలు చేసే పని నడుపుతాడు. షెడ్డు మామది. కొమురెల్లి ఆ సంగతి కూడా అడగలేదు. ఆ రోజు జీవన్ పక్కనే నిలబడి చాయ్ పోయిస్తూ ఉంటే అడగాల్సిన ప్రశ్నలన్నీ చాయ్‌తో పాటే గొంతులోంచి దిగిపోయాయి.

బాత్‌రూంలో దుమ్ము వాసన. గోడ నిండా తెల్ల టైల్స్, నీలం ఆకులు. పైన గీజర్ పైపులు రెండు, నడుము ఎత్తున నల్లా ఉన్న చోటు. పైపు గోడలోకి వెళ్ళే దగ్గర మూడింటికీ గుండ్రటి స్టీలు మూతలున్నాయి. రంధ్రం అంచు ఎంత వికారంగా ఉన్నా ఆ మూత పెడితే కనబడదు. అందుకే పెడతారు. పద్దెనిమిది రోజుల కింద కొమురెల్లి ఆ మూతల మీద తన మొహం చూసుకున్నాడు గానీ ఒక్కటి కూడా విప్పలేదు.

ఇప్పుడు విప్పాడు. ముందు గీజర్ పైపులవి.

రెండు రంధ్రాలూ గీసి కోసినట్టున్నాయి. అంచున ఒక్క పెచ్చు లేవలేదు. చుట్టూ గోధుమపిండి ఎండి అంటుకుని ఉంది. ఇది టిమోతి పద్ధతి. అరెస్టయిన రోజే చెప్పాడు, ఎవరూ అడక్కపోయినా. గోడ మీద గుర్తు చుట్టూ పిండి ముద్దతో చిన్న గట్టు కట్టి, అందులో నీళ్ళు నింపి, డ్రిల్లు కొనకు బిగించే పళ్ళ గొట్టాన్ని, అంటే బిట్టును, ఓరగా ఆనించి మెల్లగా నిలబెడతాడట. నీళ్ళు లేకపోతే బిట్టు కాలుతుంది, టైల్ పగులుతుంది సారు, అన్నాడు. చావు గురించి అడుగుతుంటే పిండి గురించి చెబుతాడేంటి అని కొమురెల్లి విసుక్కున్నాడు. జేబులోని బిళ్ళలు తీసి రంధ్రాలకు ఆనించాడు. నీలం ఆకు తొడిమ గోడ మీది ఆకుతో కలిసింది. రెండోదీ కలిసింది.

తర్వాత నల్లా మూత.

ఈ రంధ్రం పెద్దది. పిండి లేదు. అంచంతా ఎలుక కొరికినట్టు పెచ్చులు లేచి ఉంది. లోపల కరెంటు తీగ వెళ్ళే పైపు మీద నిలువుగా సన్నటి కోత కనిపించింది. తిరిగే బిట్టు తగిలితే గుండ్రంగా గీరుకుంటుంది తప్ప అలా తిన్నగా తెగదు. ఎవరో కావాలని కత్తి పెట్టారు.

కొమురెల్లి టార్చిని పక్కకు వంచాడు. అప్పుడు కనబడింది రెండో గీత. రంధ్రం చుట్టూ, పెసరగింజంత దూరంలో, టైల్ నునుపు మీద ఇంకో సన్నటి గుండ్రటి గీత. బిట్టుకు ఒక పన్ను బయటికి వంగి ఉంటే అది కోస్తూ కోస్తూ గీసిన గీత.

ఈ గీత అతను ఇదివరకు చూశాడు.

రిపోర్టు ఇచ్చిన మూడో రోజు జీవన్ ఉప్పల్ ఆఫీసుకొచ్చాడు. అన్నా, నీ బాత్‌రూంలో చేతులు కడుక్కునే సింకు కూడా లేదేంది అని తనే కొత్త సింకు తెచ్చి, తనే బిగించాడు. పచ్చరంగు బ్యాటరీ డ్రిల్లు పెట్టి కోస్తుంటే చెంబుతో నీళ్ళు పోసింది కొమురెల్లే. గోడ మీద రెండో గీత పడితే అదేందని అడిగాడు కూడా. "బిట్టు పన్ను వంగిందన్నా. మూత పెడితే ఎవనికి కనబడదు," అని జీవన్ నవ్వాడు. కొమురెల్లి కూడా నవ్వాడు. పదిహేను రోజులుగా ఆ సింకులోనే మొహం కడుక్కుంటున్నాడు.

కాగితం తీసి రంధ్రం మీద పరిచి, పెన్సిల్ అడ్డంగా పెట్టి రుద్దాడు. రెండు గీతలూ కాగితం మీదకి దిగాయి.

"బొమ్మలేస్తున్నవా అన్న?"

గుమ్మంలో నరేందర్. ఆరేళ్ళు కొమురెల్లి దగ్గర పనిచేసి, పని నేర్చుకుని, రెండేళ్ళ కింద ఉప్పల్‌లోనే ఎదురు బోర్డు పెట్టాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెద్ద ఫోను. టైం పదకొండూ ఐదు.

"నువ్వెందుకొచ్చినవ్ ఈడికి?"

"జీవనన్న నా క్లయింటు. పని అయ్యేదాంక ఇంటికాడ ఉండుమన్నడు. ఇంట్లకు ఎవరు రానిచ్చిన్రు నిన్ను?"

"తాళం ఉన్న మనిషే ఇచ్చింది."

నరేందర్ లోపలికొచ్చి విప్పిన మూడు మూతలూ, గోడా చూశాడు. ఫోను ఎత్తి టకటకా నాలుగు ఫొటోలు తీశాడు. "ప్లంబర్ తప్పే అని సంతకం పెట్టింది నువ్వు. ఇప్పుడు కాదని రాస్తవా? రేపటి సంది నీ మెట్లెక్కేదెవరు?"

"ఎవరు ఎక్కకున్నా పర్వాలేదు. ఒకామె పద్దెనిమిది దినాల సంది కూసున్నది, ఆమె దిగిపోతే చాలు."

"మూత తీసి సూడకుండ ఏ కేసు రాయొద్దని నాకు నేర్పింది నువ్వే. మరి గీ మూత నువ్వెందుకు తియ్యలే?"

కొమురెల్లి స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. బద్ధకం అనొచ్చు, జీవన్ చాయ్ అనొచ్చు, ప్లంబరే కదా అన్న చులకన అనొచ్చు. మూడూ నిజమే.

"నరేందర్, ఆ ఫొటోలు ఎవరికి పంపుతున్నవ్?"

"క్లయింటుకు. పోయినయి గూడ."

"పగలగొట్టేటోళ్ళను ఒక్క పూట ఆపు. ఇది బిట్టు తగిలిన తీగ కాదు. కోసిన తీగ. సూడు."

నరేందర్ వంగి చూశాడు. పని తెలిసినవాడు కాబట్టి కాస్త ఎక్కువసేపే చూశాడు. నిటారుగా నిలబడ్డాక గొంతులో ఇందాకటి బిరుసు లేదు. "కోసినోడు ప్లంబరే గావచ్చు."

"కరెంటు లేకుండ వైరు డ్రిల్లుతోనా?"

వాదన అరగంట సాగింది. పోలీసులకు ఫోన్ చేస్తానని ఒకరు, చెయ్యమని ఒకరు. చివరికి మానస పైకొచ్చి, ఈ ఇల్లు మా నాన్నది, ఇయ్యాల దీన్ని ఎవరూ ముట్టొద్దు అని మెల్లగా చెప్పి, తాళం తనే వేసుకుంది. అప్పుడే నరేందర్ ఫోను మోగింది, జీవన్. ఆ వైపు మాట విని అతను కనుబొమలు ముడిచాడు.

"జీవనన్న ఇటు వస్తలేడంట. నీ ఆఫీసుకు పోయిండంట. తను బిగించిన సింకు కాడ లీకేజీ ఉంది, సరి చెయ్యాలె అంటున్నడు." ఫోను దించాడు. "అన్న, నీ సింకు ఆయనెందుకు బిగించిండు?"

కొమురెల్లి అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

* * *

ఉప్పల్ చేరేసరికి పన్నెండూ పది. టైర్ల షాపు ముందు జీవన్ ట్రాలీ ఆటో ఆగి ఉంది. ఆఫీసు తాళం ఎప్పుడూ షాపులోనే ఉంటుంది, తెలిసిన మొహం అడిగితే ఇచ్చేస్తారు. మెట్ల మీద ఎప్పుడూ ఉండే గ్రేసీ లేదు.

మధ్య మెట్టు మీద జీవన్ ఎదురయ్యాడు. ఒక చేతిలో సుత్తి, ఒక చేతిలో పచ్చ డ్రిల్లు పెట్టె. చొక్కా మీద తెల్లటి దుమ్ము.

"లీకేజీ ఉండెనన్నా. ఆ టైలే తీసేసిన. రేపు కొత్తది ఏస్త."

"లీకేజీ ఏడుంది జీవన్?"

"ఉంది అంటే ఉంది." జీవన్ గొంతు మెత్తగానే ఉంది. ఒక మెట్టు కిందికి దిగి దగ్గరగా నిలబడ్డాడు. "మా ఇంట్ల గోడకు గీతుంది. ఉండనీ. గా గీత ఎవనిదో చెప్పే గోడ ఇంకోటి లేదు. నీ సింకు నేను బిగించిన్నని నువ్వు చెప్తే, ఎందుకు బిగించిండు అని అడుగుతరు. సింకు తీసుకొని రిపోర్టు రాసినోని మాట ఏ జడ్జి వింటడన్నా? నువ్వు గూడ లోపలికే పోతవ్."

"నేను సింకు అడగలే."

"వద్దనలే గూడ."

జీవన్ దిగిపోయాడు. కొమురెల్లి రెండేసి మెట్లు ఎక్కి బాత్‌రూంలోకి పరుగెత్తాడు. సింకు పక్కకు తీసి ఉంది. మూత ఉండాల్సిన చోట టైల్ లేదు, నెమలిపింఛం రంగు టైల్స్ మధ్య చదరంగా సిమెంటు గోడ కనిపిస్తోంది. నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. ఒక్క పెంకు లేదు. కొమురెల్లి తొట్టి అంచు మీద కూలబడ్డాడు. జేబులోని పెన్సిల్ కాగితం ఇక ఒంటరిది. రేపు వాదనలో టిమోతి తరఫున చూపించడానికి రెండు బిళ్ళలు, ఒక ముసలామె కుక్కర్ కూత. నవ్వుతారు. ఆ రోజు తను నవ్వినట్టే.

"సారు."

గ్రేసీ గుమ్మంలో నిలబడి ఉంది. చీర కొంగు రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. ఏదో బరువున్నట్టు కొంగు కిందికి సాగింది.

"ఆయన నన్ను ఊడ్చే మనిషి అనుకున్నడు. పెంకులన్నీ ఏరి రోడ్డు మీది కుండీల పారెయ్యమన్నడు. నేనెవరో ఆయనకు తెల్వదు. కోర్టుల గూడ నన్ను సూడలే."

ఆమె కింద కూర్చుని కొంగు విప్పింది. పెద్దవీ చిన్నవీ పదకొండు పెంకులు. అలవాటైన చేతులు. ఏది అంచుదో ఏది మధ్యదో చూసుకుంటూ నేల మీద ఒక్కొక్కటే జోడించింది. ప్లంబరు ఇల్లాలు పెంకులు ఏరడం ఇది మొదటిసారి కాదు. నాలుగు నిమిషాల్లో నడిమధ్యన గుండ్రటి ఖాళీ వచ్చింది. దాని చుట్టూ, పెసరగింజంత దూరంలో, పెంకు నుంచి పెంకుకు తెగకుండా రెండో గీత.

కొమురెల్లి కాగితం తీసి పక్కన పరిచాడు. ఖాళీ ఖాళీతో, గీత గీతతో సరిపోయింది.

"ఇదే బిట్టా సారు?"

"ఇదే."

"అయితే మా ఆయన రేపు ఇంటికొస్తడా?"

కింద ట్రాలీ ఆటో ఇంకా కదల్లేదు. ఇంజన్ చప్పుడు వినబడుతూనే ఉంది. జీవన్ రోడ్డు మీది కుండీ దగ్గరికి వెళ్ళి చూసుకుంటున్నాడేమో. అందులో పెంకులు లేవని తెలిసేందుకు ఎంతోసేపు పట్టదు. కొమురెల్లి లేచి వెళ్ళి ఆఫీసు తలుపు గడియ పెట్టి వచ్చాడు. ఫోను తీసి రికార్డింగ్ నొక్కి, పెంకుల పక్కన నేల మీద పెట్టాడు.

"వస్తడు. కానీ ఈ పెంకులు మాట్లాడవమ్మా. వీటి పక్కన ఒక మనిషి నిలబడి చెప్పాలె."

గ్రేసీ పెంకుల మీద నుంచి తలెత్తింది. పద్దెనిమిది రోజుల్లో మొదటిసారి అతని కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఇది ఆయనే కోసిండని మీకెట్ల తెలుసు సారు?"

మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. బరువుగా, తొందర లేకుండా. కొమురెల్లి ఆ చప్పుడు వైపు చూడలేదు.

"ఆయన కోస్తుంటే," అన్నాడు, "నీళ్ళు పోసింది నేనే."